పైపూత సరే, విరిగిన అంచు సంగతేమిటి? – చారిత్రక కుండపెంకుల నమూనాల పెట్టెపై సమీక్ష

పురావస్తు తవ్వకాలలో బయటపడే అలంకృత మట్టిపాత్రలను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసే అవకాశం చదువుకునేవారికి అరుదుగా దొరుకుతుంది. మ్యూజియంలో ఉన్నవి అద్దం వెనక ఉంటాయి, గిడ్డంగులలో ఉన్నవాటిని తాకాలంటే అనుమతులు కావాలి, బయట అమ్మకానికి కనిపించేవి ఒకవేళ నిజంగా పాతవే అయితే వాటిని కొనడం దొంగ తవ్వకాలకు ఊతమివ్వడమే అవుతుంది. ఈ లోటు తీర్చడానికే నమూనా పెంకుల పెట్టెలు తయారవుతున్నాయి. నేను పరిశీలించిన పెట్టెలో వేర్వేరు కాలాలకు, దేశాలకు చెందిన పాత్రలను పోలి ఉండేలా మట్టితో చేసి కాల్చిన 16 పెంకులు, 9 ముక్కలుగా పగిలిన ఒక గిన్నె, మూతి కొలత పట్టిక, చిన్న భూతద్దం, జిగురు గొట్టం, 60 పుటల కరదీపిక ఉన్నాయి. తయారీదారు పేరు ఇక్కడ చెప్పడం లేదు. ఇలాంటి ఏ పెట్టెనైనా కొనబోయేవారు చూసుకోవలసిన గుణదోషాలే ఇందులోనూ ఉన్నాయి. తీర్పు ముందే చెప్పాలంటే, ప్రాచీన కుమ్మరులు పాత్రలను ఎలా అలంకరించారో తెలుసుకోవడానికి ఈ పెట్టె బాగా ఉపయోగపడుతుంది. తవ్వకంలో దొరికిన పెంకును ఎలా చదవాలో నేర్చుకోవడానికి మాత్రం సగమే ఉపయోగపడుతుంది.

ఆ మిగతా సగం ఎక్కడ పోయిందో తెలియాలంటే పెంకును చదవడమంటే ఏమిటో కొంత వివరించాలి. పెంకు మీద బొమ్మ ఉంటే కన్ను సహజంగా దాని మీదకే పోతుంది. కాని ఆ పాత్ర ఎలా తయారైంది, ఏ మట్టితో తయారైంది అన్న సమాచారంలో చాలా భాగం విరిగిన అంచులో ఉంటుంది. మట్టిని ఎంత మెత్తగా వడకట్టారో, అందులో ఇసుక కలిపారో, పొట్టు కలిపారో, గవ్వల పొడి కలిపారో అక్కడ భూతద్దం పెడితే తెలుస్తుంది. పొట్టు కలిపిన మట్టిలో అది కాలిపోయి సన్నని ఖాళీలు మిగులుతాయి. రెండు ముఖాలూ ఎర్రగా ఉండి నడిమి పొర నల్లగా ఉంటే, మట్టిలోని సేంద్రియ పదార్థం పూర్తిగా కాలిపోయేటంత వేడిగాని, గాలిగాని, సమయంగాని ఆవంలో దానికి అందలేదన్నమాట. లోపలి వైపు సమాంతరంగా సన్నని గీతలు కనిపిస్తే అది సారె మీద లేపిన పాత్ర. మందం చోటుచోటుకూ మారుతూ పగుళ్లు అడ్డంగా వరుసకట్టి ఉంటే మట్టి చుట్టలను ఒకదానిపై ఒకటి పేర్చి అతికించిన పాత్ర కావచ్చు. మట్టిలోని ఖనిజాలను ఇంకా నిశితంగా చూడదలచిన పరిశోధకులు పెంకు నుంచి 0.03 మిల్లీమీటర్ల మందం మాత్రమే ఉండే పలకను తీసి సూక్ష్మదర్శిని కింద పరీక్షిస్తారు. పైముఖం కుమ్మరి పదిమందికీ చూపించాలనుకున్నది. విరిగిన అంచులో కనిపించేది అతడు ఎవరికీ చూపించాలనుకోనిది.

ఈ పెట్టెలోని 16 పెంకులలో ఒక్కదానికీ అలాంటి అంచు లేదు. చేతికి గుచ్చుకోకుండా అన్నింటినీ రాకి గుండ్రంగా చేసి, పైన ఏదో పారదర్శకమైన పూత పూశారు. పిల్లలు కూడా పట్టుకునే వస్తువు గనుక ఆ జాగ్రత్తను తప్పుపట్టలేము. మింగుడుపడనిది మరొకటి ఉంది: 16 పెంకులనూ ఒకే ఎర్రమట్టితో, దాదాపు ఒకే మందంతో పోసి, ఆ తరువాత ఒక్కోదానికి ఒక్కో వేషం వేశారు. చిత్రించిన బూడిదరంగు పాత్ర నమూనాలో ఈ లోపం సూటిగా బయటపడుతుంది. 1940–44 మధ్య అహిచ్ఛత్రలో జరిగిన తవ్వకాలలో ప్రత్యేక వర్గంగా గుర్తింపు పొంది, 1950–52లో హస్తినాపురంలో పురావస్తు శాస్త్రవేత్త బి.బి. లాల్ జరిపిన తవ్వకాలతో ప్రసిద్ధికెక్కిన ఈ పాత్రలు గంగా–యమునా మైదానంలో సుమారు క్రీ.పూ. 1200–600 మధ్య వాడుకలో ఉన్నాయి. మెత్తని మట్టితో చాలా పలుచగా చేసిన పాత్రను గాలి అందని ఆవంలో కాల్చడం వల్ల ఆ బూడిదరంగు వచ్చింది. కనుక ఆ రంగు పైన పూసినది కాదు, ఒక ముఖం నుంచి మరో ముఖం దాకా పెంకంతటా ఉండేది. నమూనా మీద నల్ల గీతలు, చుక్కలు, ఒకదానిలో ఒకటిగా ఉన్న వృత్తాలు ముచ్చటగా ఉన్నాయి. కాని అంచున గోటితో కొద్దిగా గీకితే బూడిద పూత లేచిపోయి లోపలి నుంచి ఎర్రమట్టి కనిపిస్తుంది. ఈ నమూనాను చూసి నేర్చుకున్న విద్యార్థి రేపు తవ్వకంలో అసలు పెంకును చేతపట్టినా దాన్ని గుర్తించే సూత్రం అతనికి తెలిసి ఉండదు.

ప్రాచీన గ్రీసులోని ఏథెన్సు పాత్రల నమూనాలు రెండున్నాయి. ఒకటి ఎర్రని నేపథ్యం మీద నల్లని ఆకృతుల శైలిది, రెండోది సుమారు క్రీ.పూ. 530 ప్రాంతంలో మొదలైన, నల్లని నేపథ్యం మీద ఎర్రని ఆకృతుల శైలిది. పెట్టె తెరవగానే అందరి చేతులూ వీటి మీదకే పోతాయి, అందరినీ ఎక్కువగా తప్పుదోవ పట్టించేవీ ఇవే. అసలు పాత్రల మీది నలుపు విడిగా తెచ్చిన రంగు కాదు. పాత్ర చేసిన మట్టినే నీటిలో కలిపి, బరువైన రేణువులు అడుగుకు దిగాక పైన తేలిన అతి మెత్తని భాగాన్ని పూతగా వాడేవారు. ఆవంలో మొదట గాలి ధారాళంగా ఆడనిచ్చి, తరువాత సుమారు 900 డిగ్రీల సెల్సియస్ ప్రాంతంలో గాలి మార్గాలు మూసి పొగ నింపి, చివరికి మళ్లీ గాలి విడిచేవారు. నడిమి దశలో పాత్రా నల్లబడుతుంది, పూతా నల్లబడుతుంది. అయితే మెత్తని రేణువుల పూత ఆ వేడికి కరిగినట్టై బిగుసుకుపోతుంది గనుక చివరి దశలో వచ్చిన గాలి దానిలోకి చొరబడలేదు. సూక్ష్మరంధ్రాలున్న మిగతా మట్టి తిరిగి ఎర్రబడుతుంది, పూత మాత్రం నల్లగానే ఉండిపోతుంది. ఒకే మట్టి, ఒకే ఆవం, ఒకే కాల్పు. ఎరుపు నలుపుల తేడా అంతా గాలిని నడిపించడంలోనే వచ్చింది. కరదీపిక ఈ ప్రక్రియను ఒకటిన్నర పుటలో చక్కగానే వివరించింది. కాని నమూనా మీద ఉన్నది నున్నగా మెరిసే ఎనామెల్ నలుపు. నల్లని ఆకృతుల శైలిలో కండరాలను, బట్టల మడతలను మొనదేలిన పనిముట్టుతో పూతను గీకి చూపించేవారు. ఇక్కడ ఆ గీతలను ఎర్రరంగుతో కుంచెపెట్టి గీశారు. ఎర్రని ఆకృతుల శైలిలో కొన్ని నల్ల గీతలు ఉపరితలం కంటే కాస్త ఉబ్బెత్తుగా ఉంటాయి. నమూనా మీద వేలు నడిపితే ఏదీ తగలదు.

బంగారు మెరుపు పాత్ర నమూనా గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. 836 నుంచి 892 వరకు అబ్బాసీ ఖలీఫాల రాజధానిగా ఉన్న, నేటి ఇరాక్‌లోని సమర్రా నగరంలో 1911–13 మధ్య ఎర్నెస్ట్ హెర్ట్స్‌ఫెల్డ్ జరిపిన తవ్వకాలలో ఇలాంటి పెంకులు దొరికాయి. ఒకసారి కాల్చిన గాజుపూత మీద వెండి, రాగి సమ్మేళనాలతో బొమ్మ గీసి, తక్కువ వేడిలో పొగ కమ్మిన ఆవంలో మళ్లీ కాలిస్తే అతి సూక్ష్మమైన లోహ కణాలు గాజుపూత పైపొరలో నిలిచి, వెలుతురు పడే కోణాన్ని బట్టి రంగు మారుతుంది. ఈ పెట్టెలోనిది పెళ్లిపత్రికల మీద కనిపించే బంగారు రంగు. ఏ కోణంలో తిప్పినా ఒకేలా ఉంటుంది.

ఇక మెచ్చుకోవలసినవాటికి వస్తే, టెర్రా సిగిలాటా నమూనా ఈ పెట్టెకు ప్రాణం. ఇటలీలోని అరెజ్జోలోనూ, తరువాత గాల్ (నేటి ఫ్రాన్స్) ప్రాంతంలోనూ రోమన్ కాలంలో తయారైన ఈ నిగనిగలాడే ఎర్రని పాత్రలలో అలంకృతమైనవాటిని అచ్చులలో చేసేవారు. గిన్నె ఆకారంలో ఉండే మట్టి అచ్చు లోపలి గోడ మీద చిన్న ముద్రికలతో పూలు, జంతువులు, మనుషుల ఆకృతులు అద్ది, ఆ అచ్చును కాల్చి, దానిని సారె మీద పెట్టి లోపల మట్టిని అదిమేవారు. ఆరేకొద్దీ మట్టి కుదించుకుపోయి గిన్నె దానంతటదే అచ్చు నుంచి విడివడేది. మూలమే అచ్చులో పుట్టింది గనుక అచ్చులో పోసిన నమూనాకు ఇక్కడ ఏ అన్యాయమూ జరగలేదు. ఆకుల వరుస కింద పరుగెత్తే కుందేలు చెవులు, దాని వెనక కాలి దగ్గర ముద్రిక కాస్త జారి పడిన రెండో ముద్ర భూతద్దంలో స్పష్టంగా కనిపిస్తున్నాయి. ఆ జారుడును సరిదిద్దకుండా ఉంచినందుకు తయారీదారును అభినందించాలి. ఒక్క విషయం మాత్రం కరదీపికలో చెప్పి ఉండవలసింది: పెంకు నుంచి అచ్చు తీసి, ఆ అచ్చులో మట్టి పోసి మళ్లీ కాలిస్తే నకలు అసలు కంటే చిన్నదవుతుంది. పాత కుమ్మరులలోనూ పక్కవాడి గిన్నె నుంచి అచ్చు తీసి నకళ్లు చేసినవారున్నారు. ఆ నకళ్లను పసిగట్టడానికి పరిశోధకులకు ఈ కుదింపే ఆధారంగా పనికివస్తుంది.

సిగిలాటా ఎంత దూరం ప్రయాణించేదో చెప్పడానికి కరదీపిక ఇటలీలోని రోమన్ నగరం పాంపే ఉదంతాన్ని వాడుకోవడం నాకు నచ్చింది. 1881లో అక్కడ 90 అలంకృత గిన్నెలు, 37 దీపాలు ఉన్న ఒక పెట్టె బయటపడింది. గాల్ దక్షిణ ప్రాంతం నుంచి వచ్చిన ఆ గిన్నెలను విప్పి సర్దుకునేలోపే, క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం బద్దలైంది. సరుకు చేరింది గాని అందుకున్నవారు తెరవలేదు.  చరిత్రకారులకు దాని విలువ ఇది: ఆ గిన్నెలు వాడి అరిగినవి కావు గనుక, 79కి కొంచెం ముందు ఏ రకపు అలంకరణ మార్కెట్‌లో నడుస్తున్నదో అవి తేదీ వేసినట్టు చెబుతాయి.

ముద్రలు, అద్దకాల పద్ధతిలో అలంకరించిన మిగతా నమూనాలు కూడా బాగా వచ్చాయి. జపాన్‌లోని ప్రాచీన జోమోన్ సంస్కృతి పాత్ర నమూనా మీద పురిపెట్టిన తాడును పచ్చిమట్టిపై దొర్లించిన గుర్తులు ఎంత లోతుగా ఉన్నాయంటే, తాడు ఎటువైపు పురి తిరిగిందో కూడా చెప్పవచ్చు. 1877లో ఒమోరి గవ్వల దిబ్బను తవ్విన ఎడ్వర్డ్ మోర్స్ గమనించిన గుర్తులు ఇలాంటివే. పసిఫిక్ దీవుల లాపిటా నమూనా అంతకంటే మెరుగు. న్యూ కాలెడోనియాలోని ఆ పేరు గల స్థలంలో 1952లో గిఫర్డ్, షట్లర్ తవ్వకాలు జరిపారు. సుమారు 3,000 ఏళ్ల కిందట బిస్మార్క్ దీవుల నుంచి టోంగా, సమోవాల దాకా సముద్రం దాటి వెళ్లి స్థిరపడినవారి జాడను ఈ పెంకులే పట్టి ఇచ్చాయి. దువ్వెన పళ్లలాంటి పనిముట్టును పచ్చిమట్టి మీద నొక్కుతూ వంపులు, కోణాలు, ముఖాకృతులు తీర్చేవారు, కొన్నింటిలో ఆ గుంటలను సున్నంతో నింపేవారు. నమూనాలో ఒక మూలన తెల్లని పొడి గుంటలలో నిలిచి, మిగతా చోట్ల రాలిపోయినట్టు చూపించారు. ఇలాంటి చోట తయారీదారు అసలు పెంకును దగ్గర పెట్టుకుని పనిచేశారని తెలిసిపోతుంది. ఏథెన్సు నమూనాల దగ్గర వారి ముందు ఉన్నది ఫొటో మాత్రమేనని నా అనుమానం.

హరప్పా నమూనా మధ్యస్థంగా ఉంది. ఎర్రని మట్టిపూత మీద నల్లగా గీసిన రావి ఆకులు, చేప పొలుసుల వరుసలు సరిగ్గానే కుదిరాయి, మూలం కూడా ఎర్రమట్టే గనుక అంచు దగ్గర అబద్ధం బయటపడదు. ఈజిప్టులోని నకాడా పాత్ర నమూనా మీద లేతరంగు మట్టిపై గోధుమ ఎరుపులో పడవ, దాని మీద చిన్న గదులు, కింద తెడ్ల వరుస ఉన్నాయి. ఈ పెంకు దగ్గర కరదీపిక గొప్ప అవకాశాన్ని చేజార్చుకుంది. రాజవంశాలకు ముందు కాలపు సమాధులకు తేదీలు తెలిపే శాసనాలు లేనప్పుడు, పురావస్తు శాస్త్రవేత్త ఫ్లిండర్స్ పెట్రీ దాదాపు 900 సమాధులలోని పాత్రలను పోల్చి, ఏ రకం పాత్ర ఏ రకంతో కలిసి దొరుకుతున్నదో చూసి, వాటిని కాలక్రమంలో వరుసపెట్టాడు. కొన్ని జాడీల పక్కలకు అలల్లా మెలితిరిగిన పిడులు మొదట పట్టుకోవడానికి వీలుగా ఉండి, క్రమంగా చిన్నవై, చివరికి జాడీ మీద ఒక అలంకార రేఖగా మిగిలిపోయాయన్న పరిశీలన ఆ వరుసకు కీలకమైంది. తన వరుసకు అంకెలు వేసేటప్పుడు అతడు 30తో మొదలుపెట్టాడు. అంతకంటే పాతవి ఎప్పటికైనా దొరికితే వాటికి చోటుండాలని 1 నుంచి 29 దాకా ఖాళీగా వదిలాడు. ఇంత కథ ఉన్న చోట కరదీపిక పడవ బొమ్మ అందాన్ని వర్ణించి ఊరుకుంది.

ఇది కరదీపిక మొత్తానికీ వర్తించే ఫిర్యాదు. ప్రతి పెంకుకూ దేశం, శతాబ్దం, అలంకరణ రీతి చెప్పారు, అవి చాలావరకు సరిగ్గానే ఉన్నాయి. తవ్వకంలో ఏ మట్టిపొరలో దొరికింది, దానితో పాటు ఇంకేం దొరికాయి, అది ఆ పొరకు కాలాన్ని ఎలా ఇచ్చింది అన్నవి మాత్రం ఎక్కడా లేవు. రౌలెటెడ్ పాత్ర పుటలో ఈ లోటు పొరపాటుగానే మారింది. పళ్లెం లోపలి అడుగున, ఒకదాని చుట్టూ ఒకటిగా తిరిగే వలయాలలో చిన్న చిన్న నొక్కులు ఉండే ఈ నున్నని పాత్రలు 1945లో పుదుచ్చేరి దగ్గరి అరికమేడులో పురావస్తు శాస్త్రవేత్త మార్టిమర్ వీలర్ జరిపిన తవ్వకాలలో అరెజ్జో ఎర్రపాత్రల పెంకులతో పాటు బయటపడ్డాయి. కాలం తెలిసిన రోమన్ పెంకులు పక్కనే ఉండటం వల్ల స్థానిక పొరలకు కాలం కట్టడం వీలైంది. అది దక్షిణ భారత పురావస్తు శాస్త్రానికి పెద్ద మలుపు. రౌలెటెడ్ పాత్రలు కూడా మధ్యధరా ప్రాంతం నుంచి వచ్చినవేనని అప్పట్లో భావించారు. తరువాత మట్టిని ప్రయోగశాలలలో విశ్లేషించినప్పుడు అవి భారత ఉపఖండంలో తయారైనవని తేలింది. బాలి దీవిలోని సెంబిరాన్‌లో దొరికిన పెంకుల మట్టి కూడా భారతదేశపు పెంకుల మట్టితో సరిపోయింది. ఓడల్లో వచ్చిన సరుకు అనుకున్నది ఓడలెక్కి వెళ్లిన సరుకైంది. మన కరదీపిక మాత్రం పాత మాటనే, రోమన్ దిగుమతి అని, మార్చకుండా అచ్చువేసింది. విశేషమేమిటంటే నమూనా పెంకు మాత్రం బాగుంది, నొక్కుల వరుసలు ఒక చోట దగ్గరగా, మరో చోట ఎడంగా పడటం కూడా పట్టుకున్నారు. తూర్పు తీరం పొడవునా, అమరావతి, శిశుపాలగఢ్‌తో సహా, ఎన్నో స్థలాలలో దొరికిన పాత్ర గురించి ఇలాంటి తప్పు ఇప్పటికీ ముద్రణలో ఉండకూడదు.

అమెరికాలోని న్యూ మెక్సికో ప్రాంతపు ప్రాచీన మింబ్రెస్ ప్రజల పాత్ర నమూనా తెల్లని పూత మీద నల్లని కుందేలుతో చూడముచ్చటగా ఉంది. సుమారు 1000 నుంచి 1130 వరకు తయారైన ఈ గిన్నెలను చనిపోయినవారి తల మీద బోర్లించి పాతిపెట్టేవారు, అంతకు ముందు చాలా గిన్నెల అడుగున రంధ్రం పొడిచేవారు. అడుగు భాగపు పెంకు ఇచ్చి ఆ రంధ్రం అంచును చూపించి ఉంటే ఎంతో బాగుండేది. ఇచ్చినది మూతి పెంకు. అయితే ఈ పుటలోనే కరదీపిక ఒక మంచి పని చేసింది. మింబ్రెస్ గిన్నెలకు సేకరణకర్తలలో గిరాకీ పెరగడంతో దొంగలు బుల్‌డోజర్లతో స్థలాలనే పెళ్లగించారని, తవ్వకం రికార్డు లేని గిన్నె ఎంత అందంగా ఉన్నా సగం మూగదని, సాంస్కృతిక వస్తువుల అక్రమ తరలింపుపై 1970లో యునెస్కో ఒడంబడిక వచ్చిందని సూటిగా చెప్పింది. ప్రతి నమూనా వెనక చెరిపివేయలేని లోతులో ‘నమూనా’ అన్న ముద్ర వేయడం కూడా ప్రశంసనీయం. రేపు ఎవరి చేతికి చేరినా ఇది అసలుదని అమ్మడం కుదరదు.

ముద్ర వేసిన చేతితోనే అంకె కూడా వేసి ఉంటే బాగుండేది. పెంకుల పేర్లు పెట్టె అడుగున స్పాంజి గళ్ల పక్కన అతికించిన చీటీల మీద ఉన్నాయి తప్ప పెంకుల మీద లేవు. తరగతిలో పదిమంది చేతులు మారాక ఏ పెంకు ఏ గడిదో పుస్తకం తిరగేస్తే తప్ప తెలియదు. తవ్వకాలలో కడిగి ఆరబెట్టిన ప్రతి పెంకు లోపలి వైపు స్థలం సంకేతం, పొర సంఖ్య చిన్న అక్షరాలలో రాస్తారు. రాయని పెంకు సంచి మారిందంటే దాని విలువలో పెద్ద భాగం పోయినట్టే. ఆ అలవాటును నేర్పడానికి ఇంతకంటే మంచి సాధనం ఉండదు, పైసా ఖర్చు కూడా అదనంగా కాదు.

మూతి కొలత పట్టిక చక్కగా పనిచేస్తుంది. దళసరి కాగితం మీద ఒకదాని చుట్టూ ఒకటిగా గీసిన వృత్తభాగాలపై మూతి పెంకును బోర్లించి, దాని వంపు ఏ గీతతో కలుస్తున్నదో చూస్తే పాత్ర మూతి వ్యాసం తెలుస్తుంది. కేంద్రం నుంచి గీసిన కిరణాలను బట్టి మొత్తం మూతిలో ఎంత శాతం మన చేతిలో ఉన్నదీ తెలుస్తుంది. పెంకును సరైన వాలులో పట్టుకోవడమే ఇక్కడి అసలు మెలకువ: అంచు మొత్తం కాగితానికి ఆనుతూ కింద నుంచి వెలుతురు రాకుండా ఉండే వాలే ఆ పాత్ర సహజమైన వాలు. కరదీపికలో దీనికి ఇచ్చిన బొమ్మలు స్పష్టంగా ఉన్నాయి. ఇక్కడ కూడా రాకిన అంచులు కొంత ఇబ్బంది పెడతాయి, మూతి ఎక్కడ ముగిసి పగులు ఎక్కడ మొదలైందో చిన్న పెంకులలో తేల్చుకోవడం కష్టం.

ఇక 9 ముక్కల గిన్నె. ప్రకటనలో దీనికి ఒక్క వాక్యమే ఇచ్చారు గాని, నా లెక్కలో ఈ పెట్టెలో ఎక్కువ నేర్పేది ఇదే. చైనాలోని చాంగ్షా కొలిమిల గిన్నె పోలికలో దీన్ని సారె మీద చేసి, గాజుపూత కింద ఇనుప గోధుమ, రాగి ఆకుపచ్చ రంగులతో పక్షి బొమ్మ గీసి, గట్టిగా కాల్చి, ఆ తరువాత నిజంగానే పగలగొట్టారు. అంచులు రాకలేదు. భూతద్దంలో లేత బూడిద మట్టి, దాని మీద వెంట్రుక మందాన గాజుపూత, ఆ రెంటికీ మధ్య రంగు ఇంకిన చోటు విడివిడిగా కనిపిస్తాయి. అడుగున గాజుపూత ఆగిపోయిన చోట మట్టి ముఖం బయటపడి ఉంది. తక్కిన 16 పెంకులు దాచిపెట్టినవన్నీ ఈ తొమ్మిదింటిలో ఉన్నాయి. 1998లో ఇండొనేషియాలోని బెలితుంగ్ దీవి దగ్గర సముద్రంలో దొరికిన తొమ్మిదో శతాబ్దపు ఓడలో సుమారు 60,000 పాత్రలు ఉండగా, వాటిలో అధిక భాగం ఇలాంటి చాంగ్షా గిన్నెలే. ఒక గిన్నె మీద 826కు సరిపోయే చైనా సంవత్సరం రాసి ఉండటం ఆ సరుకు కాలాన్ని నిర్ణయించడానికి తోడ్పడింది. పెద్ద జాడీలలో గిన్నెలను ఒకదానిలో ఒకటి ఒరిగేలా వరుసగా పేర్చడం వల్ల వాటిలో ఎన్నో పగలకుండా నిలిచాయి. ముక్కలను అతికించే ముందు విద్యార్థి చేత ప్రతి ముక్క బొమ్మా, దాన్ని అడ్డంగా కోస్తే కనిపించే ఛేదమూ కాగితం మీద గీయిస్తే ఈ గిన్నె ఒక్కటే చాలా పాఠాలకు సరిపోతుంది.

అతికించేటప్పుడు మాత్రం పెట్టెలో ఇచ్చిన జిగురును వాడవద్దు. అది ఒకసారి బిగిస్తే ఊడిరాని రకం. మ్యూజియం వస్తువుల పరిరక్షకులు మట్టిపాత్రలకు పారలాయిడ్ బి-72 లాంటి జిగురును వాడటానికి కారణం అది అసిటోన్‌లో కరుగుతుంది, ఎప్పుడైనా విప్పి సరిచేయవచ్చు. ఫ్లారెన్సు పురావస్తు మ్యూజియంలో ఉన్న ప్రాచీన గ్రీకు పాత్ర ఫ్రాన్స్వా కలశాన్ని 1900లో అక్కడి కాపలాదారు ఒకడు స్టూలు విసిరి 638 ముక్కలు చేశాడు. క్లైటియాస్ చిత్రించి ఎర్గోటిమోస్ మలచిన ఆ పాత్రను రెండేళ్లలో మళ్లీ నిలబెట్టారు, 1973లో దాన్ని మరోసారి విప్పి కొత్తగా అతికించారు. కనుక చారిత్రక పాత్రలకు అతుకు చివరి పని కాదు. పాఠశాలకు, కళాశాలలో మొదటి ఏడాది తరగతికి ఈ పెట్టెను తీసుకోవచ్చు; తవ్వకానికి వెళ్లబోయేవారికి శిక్షణ ఇచ్చే సంస్థలు మాత్రం ముందుగా తయారీదారును ఒక ప్రశ్న అడగాలి, బూడిదరంగు పెంకులను బూడిదరంగు మట్టితోనే చేసి, పగిలిన అంచులతో ఇవ్వగలరా అని. ఇప్పుడే కొన్నవారు రౌలెటెడ్ పుటలోని ‘రోమన్ దిగుమతి’ అన్న మాటను పెన్నుతో కొట్టేసి, ప్రతి నమూనా లోపలి వైపు గడి సంఖ్య వేసి, అసిటోన్‌లో కరిగే జిగురు విడిగా తెచ్చుకుని, చాంగ్షా గిన్నెతో పాఠం మొదలుపెట్టాలి.